నో డ్యూస్ ఫారంలో ఆఖరి గడి

సంపాదకులు గారికి,

మేం నలుగురం 2020లో విజయవాడలో బీటెక్‌లో చేరాం. కరోనా వల్ల మొదట్లో క్లాసులన్నీ ఫోన్‌లోనే విన్నాం. 2024లో బయటికొచ్చాం. ఇప్పుడు నలుగురం ఒకచోట కలవాలంటే నెలలు పడుతోంది. ఒకడు హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సులో ఉన్నాడు. ఒకడు గ్రూప్-2 పుస్తకాలు ముందేసుకుని ఇంట్లో కూర్చున్నాడు. మూడోవాడు ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో బిల్లులు కొడుతున్నాడు. నాకు ఉద్యోగం ఉంది. ఈ ఉత్తరం మా మూడోవాడి గురించి.

వాడు ఉద్యోగం రాక షాపులో చేరలేదు. బయట ఇంటర్వ్యూకెళ్లి సెలెక్ట్ అయ్యాడు. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు బెంజిసర్కిల్ దగ్గర మాకు బిర్యానీ పెట్టించాడు, అదీ వాళ్ల నాన్న జేబులోంచి. చేరే రోజుకి ప్రొవిజనల్ సర్టిఫికెట్, టీసీ తెమ్మన్నారు. కాలేజీకెళ్తే చేతిలో నో డ్యూస్ ఫారం, అంటే ఏ విభాగానికీ బాకీ లేడని సంతకాలు పెట్టించుకునే కాగితం, పెట్టారు. లైబ్రరీ సంతకం అయింది. ల్యాబ్, డిపార్ట్‌మెంట్ అయ్యాయి. ఎప్పుడో పగలగొట్టిన బీకరుకి 120 రూపాయలు కూడా కట్టాడు. ఇక మిగిలింది అకౌంట్స్ గడి. అక్కడి గుమస్తా కంప్యూటర్‌లో చూసి, "ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు బాబూ. ముందు మీరు కట్టేసి తీసుకెళ్లండి, వాళ్లు వేశాక మీకు వెనక్కిస్తాం" అన్నాడు. ఆయన మర్యాదగానే చెప్పాడు, అది కూడా రాయాలి.

వాళ్ల నాన్న లారీలకు బాడీ కట్టే షెడ్డులో వెల్డర్. అంత సొమ్ము ఉన్నపళంగా ఎక్కడినుంచి తెస్తాడు? కంపెనీ ఒకసారి గడువు పొడిగించింది, రెండోసారి మెయిల్‌కి జవాబే ఇవ్వలేదు. నాదీ అదే బాకీ. మా నాన్న చీటీ పాడి కట్టేశారు కాబట్టి నా సర్టిఫికెట్లు బీరువాలో ఉన్నాయి. పర్సంటేజీ మాత్రం వాడికే ఎక్కువ.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైనప్పుడు డబ్బు కాలేజీలకు వెళ్లేది. మేం చదువుతుండగా 2021 నుంచి తల్లుల ఖాతాల్లో వేశారు. అమ్మ ఫోన్‌కి మెసేజ్ రాగానే వెళ్లి కట్టొచ్చేవాళ్లం. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీలకే అన్నారు. ఏ పద్ధతి మంచిదో పెద్దలు తేల్చుకోవచ్చు. మధ్యలో నిలిచిపోయిన వాయిదాలకు పూచీ ఎవరిదో మాత్రం మాకు చెప్పేవాళ్లు లేరు. కాలేజీకీ ఇబ్బంది ఉంటుంది, లెక్చరర్లకు జీతాలివ్వాలిగా. అయితే వాళ్లకు రావాల్సింది ప్రభుత్వం నుంచి. తాకట్టులో ఉన్నది మా కాగితాలు. విద్యార్థుల ఒరిజినల్స్ సరిచూసుకుని తిరిగిచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. ఆ మాట చెబుదామంటే వాడు ఆపాడు, "గొడవెందుకురా, రేపు మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లాలి" అని.

వాడు ఫోనెత్తడం తగ్గించాడు. బంధువుల పెళ్లిళ్లకు వెళ్లడం ఎప్పుడో మానేశాడు, "ఏం చేస్తున్నావురా ఇప్పుడు?" అని అడుగుతారని. పోయిన వారం షాపుకెళ్లాను. క్లచ్ ప్లేట్ల అట్టపెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని, "టెన్షనేం లేదురా, ఇక్కడా కంప్యూటర్ పనే" అన్నాడు. అలా అంటూనే బిల్లులో పార్ట్ నంబరు తప్పు కొట్టి, చించేసి, మళ్లీ కొట్టాడు. నేను టీ తాగి వచ్చేశాను. ఇంకేం మాట్లాడాలో నాకు తోచలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. రీయింబర్స్‌మెంట్ బాకీ పేరుతో ఎవరి సర్టిఫికెట్లూ ఆపకూడదని ప్రభుత్వం కాలేజీలకు రాతపూర్వకంగా చెప్పాలి. ఎవరి ఫీజు ఎంత ఆగిందో వాళ్ల దగ్గర ఉన్న లెక్కే కాబట్టి, మిగతాది వాళ్లూ కాలేజీలూ చూసుకోవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట కొన్నాళ్లపాటు దీనికోసం విడిగా ఒక బల్ల వేసినా చాలు. చదువైపోయి బయటికొచ్చిన వాడికి కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ కూడా పరాయివాడే, ఎవర్ని పట్టుకోవాలో తెలియదు.

వాడి నో డ్యూస్ ఫారం జిరాక్స్ దీంతో జత చేస్తున్నాను. కాలేజీ పేరు, వాడి పేరు నేనే కొట్టేశాను. సంతకాలున్న గడులూ, లేని గడీ కనబడతాయి.

ఇట్లు,
ఒక బీటెక్ పట్టభద్రుడు,
పటమట, విజయవాడ