క్షతగాత్రుల మందు స్టోరులో ఉంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు ప్రమాదం జరిగితే 108 ఎంతసేపటికి వచ్చిందో పత్రికలు రాస్తాయి. ఆస్పత్రి గుమ్మం దాటాక ఏం జరిగిందో ఎవరూ అడగరు. జాతీయ రహదారిని ఆనుకున్న ఆస్పత్రిలో క్యాజువాలిటీ స్టాఫ్ నర్సునైన నేను ఆ సంగతే రాస్తున్నాను.

తీవ్ర రక్తస్రావంతో వచ్చినవారికి రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ అనే మందు ఇస్తే మరణాలు తగ్గుతాయని క్రాష్-2 అధ్యయనం 2010లోనే నిరూపించింది. 40 దేశాల్లో 20 వేలమందికి పైగా క్షతగాత్రులపై జరిగిన ఆ అధ్యయనంలో మన దేశపు ఆస్పత్రులు కూడా ఉన్నాయి. మొదట ఒక గ్రాము పది నిమిషాల్లో, ఆ తర్వాత మరో గ్రాము ఎనిమిది గంటలపాటు ఎక్కించాలి. గాయమైన మూడు గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. గడువు దాటాక ఇస్తే కీడు జరగవచ్చని 2011లో తేలింది. పైగా ఇది ఖరీదైన మందేమీ కాదు.

నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఈ వివరాలతో నోటీసు బోర్డుపై సర్క్యులర్ ఉండేది. మందేమో స్టోరులో, రాత్రిళ్లు దానికి తాళం. కేస్ షీట్‌లో రోగి వచ్చిన వేళ రాసేవాళ్లం కానీ, గాయమైన వేళకు గడే లేదు. అది తెలియకుండా మూడు గంటలు ఎక్కడినుంచి లెక్కపెట్టాలి? శిక్షణకు పెద్ద డాక్టర్లు వెళ్లివచ్చేవారు, రాత్రి షిఫ్టు నర్సులకు ఆ కబురే అందేది కాదు.

ఇప్పుడున్న చోట మా హెడ్ సిస్టర్ పట్టుబట్టి ఆ మందును ఎమర్జెన్సీ ట్రేలో పెట్టించారు. అంబులెన్సు సిబ్బందిని అడిగి గాయమైన వేళను కేస్ షీట్ పైభాగాన రాస్తాం. అన్నిటికన్నా ఉపయోగపడింది నెలనెలా జరిగే సమీక్ష. రోగుల పేర్లు తీసేసిన కేస్ షీట్లు ముందు పెట్టుకుని, ఆలస్యం ఎక్కడ జరిగిందని అడుగుతారు. ఎవరివల్ల అని అడగరు. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. ఒకరోజు కొత్తగా చేరిన నర్సు ధైర్యం చేసి, డాక్టరుకు గుర్తుచేస్తే కోప్పడతారేమోనని ఆగిపోయానని చెప్పింది. ఆ వారమే సర్జన్ సంతకంతో రాతపూర్వక ఆదేశం వచ్చింది: రక్తస్రావం కేసు రాగానే నర్సు మందు సిద్ధం చేసి, డ్యూటీ డాక్టరుకు వేళ చెప్పాలి. ఇప్పుడు మాలో చిన్నవాళ్లు కూడా నదురుబెదురు లేకుండా చెబుతున్నారు. పరిశోధన మా చేతుల్లోకి వచ్చింది ఇలాగే.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకూ నా మనవి: ప్రమాద కేస్ షీట్లన్నిటిలో గాయమైన వేళకు గడి పెట్టండి. శిక్షణను క్యాజువాలిటీకే తీసుకురండి, రాత్రి షిఫ్టువారికి కూడా డ్యూటీ వేళల్లోనే ఇవ్వండి. నెలవారీ సమీక్షకు నర్సులను పిలవండి, అక్కడ చెప్పిన మాటకు మెమోలు ఇవ్వకండి.

- ఒక స్టాఫ్ నర్సు, ప్రకాశం జిల్లా