అడవి దారికి ఏ టైరు?

సంపాదకులకు,

తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారుల్లో తిరగాలని అడ్వెంచర్ బైకు కొనేవాళ్లు ట్యూబ్‌లెస్ ఉంటే చాలనుకుంటున్నారు. మేకు దిగితే నిజమే, చక్రం విప్పకుండానే చిల్లులో ప్లగ్ (రబ్బరు ముక్క) పెట్టి గాలి కొట్టుకోవచ్చు. ట్యూబ్ టైరైతే చక్రం విప్పాలి, లోపల చేత్తో తడిమి తుమ్మముల్లు తీయాలి. తొందరపడితే టైరు ఎక్కించే ఇనుప లివరే కొత్త ట్యూబును కొరికేస్తుంది. కానీ రాయి తగిలి రిమ్ము వంగితే ట్యూబ్‌లెస్‌లో గాలి నిలవదు, ప్లగ్ పనికిరాదు. వాల్వ్ తీసి ట్యూబ్ వేయాల్సిందే.

అందుకే ముందు చక్రం 21 అంగుళాలదైతే ఆ ట్యూబొకటి వెంట ఉంచుకోండి. అత్యవసరంలో వెనక 17 అంగుళాల చక్రంలోనూ పెట్టి, మెల్లగా ఊరు చేరొచ్చు. మామూలు స్పోకుల రిమ్ముకు టేపు చుట్టి ట్యూబ్‌లెస్ చేయించడం మాత్రం వద్దు. అలాంటి రిమ్ముల్లో చాలావాటికి టైరు అంచును పట్టి ఉంచే గట్టు ఉండదు. గాలి తగ్గితే టైరు జారిపోతుంది.

– ఒక పాఠకుడు, హన్మకొండ