కాశీబుగ్గలో అన్నయ్యకు

లీడ్స్

అన్నయ్యా,

ఫోను ఎత్తలేదని కోపం తెచ్చుకోకు. రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చి పడుకున్నాను. ఉద్యోగం జరుగుతోంది, రాయడానికేమీ లేదు. వేళకే తింటున్నానని అమ్మతో చెప్పు. వదిన పంపిన జీడిపప్పు డబ్బా అడుగంటింది. రోజుకు నాలుగు పలుకులే తీసుకుంటున్నాను, ఎవరికీ పెట్టడం లేదు.

మన జీడిపప్పు కొట్టు వెబ్‌సైటుకు పెట్టిన డబ్బు దండగేనా అన్నావు. చూసేవాళ్ళు వస్తున్నారు, కొనకుండా పోతున్నారు. ఎందుకో తెలుసుకుందామని మా పక్క గది మలయాళీ అమ్మాయి చేతికి నా ఫోను ఇచ్చి, ఒక కిలో కొని చూపించమన్నాను. పక్కన కూర్చుని నోరు మెదపలేదు. ముందు సముద్రం బొమ్మ, తరువాత జీడితోట, ఆపైన తాతయ్య ఫోటో. అవి తెరుచుకునేలోపు రెండుసార్లు విసుక్కుంది. ధర వెతికి పట్టుకుని, "డబ్ల్యూ 240 అంటే ఏమిటి?" అంది. అంతలో ఖాతా తెరవమని, పాస్‌వర్డు పెట్టుకోమని అడిగింది సైటు. తీరా డబ్బు కట్టే చోట కొరియర్ ఖర్చు బయటపడింది. ఫోను నా ఒళ్ళో పడేసింది.

కొట్టుకు వచ్చిన మనిషిని, ముందు రిజిస్టరులో పేరు రాయి, తరువాతే పప్పు చూపిస్తాను అంటావా నువ్వు? అరచేతిలో నాలుగు గింజలు పోస్తావు, ఒకటి విరిచి చూపిస్తావు, ధర చెబుతావు. సైటు కూడా ఆ వరుసలోనే నడవాలి. తెరవగానే పప్పు, ధర, ఎన్ని రోజుల్లో చేరుతుందో కనపడాలి. కొరియర్ ఖర్చు ధర పక్కనే ఉండాలి. 240 అంటే పౌనుకు, అంటే దాదాపు 454 గ్రాములకు, 220 నుంచి 240 గింజలని రాయించు. 180 ఇంకా పెద్ద గుండు, 320 చిన్నదని కూడా. పాయసానికి బద్ద చాలని కొట్టులో నువ్వే చెబుతావు కదా, అక్కడ దాచడమెందుకు? ఫోటోలు వదిన చేటలో పప్పు ఏరుతుండగా తీయి. పక్కన రూపాయి బిళ్ళ పెడితే సైజు తెలుస్తుంది. ఫోటోల బరువు తగ్గించమను, సిగ్నలు సరిగా లేని ఊళ్ళలోనూ చప్పున తెరుచుకుంటాయి.

తాతయ్య ఫోటో తీసెయ్యమన్నానని నాన్నతో చెప్పకు. లోపల "మా గురించి"లో పెడితే సరి.

కిడ్నీల పనితీరు తెలిపే నాన్న క్రియాటినిన్ పరీక్ష మళ్ళీ వాయిదా వేశారట, అమ్మ నోరు జారింది. కిడ్నీ జబ్బులు ఇంతగా చూసిన ఉద్దానం మనుషులకు నేను చెప్పాలా? పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది. ఎక్కడో కూర్చుని పెత్తనం చేస్తోందని నవ్వుకోండి, ఫరవాలేదు. ఈ వారమే తీసుకెళ్ళు.

2018లో తిత్లీ తుఫానుకు తోట పడిపోయాక చేసిన అప్పు నాకూ గుర్తుంది. అందుకే కొత్త ఖర్చు పెట్టమనడం లేదు, ఉన్నవాటిలో తీసెయ్యవలసినవే ఎక్కువ. ఖాతా తెరవమనడం తీయించు. పేరు, ఫోను, చిరునామా, పిన్‌కోడ్ చాలు. వాట్సాప్ గుర్తు ప్రతి పేజీలో ఉండనీ, అడిగినవాళ్ళకు వదిన జవాబిస్తే నీకన్నా మర్యాదగా ఉంటుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అదే ఆహార భద్రత లైసెన్సు, 14 అంకెల నంబరు పేజీ కింద వేయించు, ముక్కూ ముఖం తెలియనివాళ్ళు అది చూసి కాస్త నమ్ముతారు. యూపీఐతో పాటు, సరుకు చేరాక డబ్బిచ్చే పద్ధతీ పెట్టు. కొన్ని పార్సిళ్ళు తిరిగి రావచ్చు, పంపేముందు ఒకసారి ఫోను చేసి అడుగు. సైటు చేసినవాళ్ళు ప్రకటనలకు డబ్బడిగితే ఇప్పుడే ఒప్పుకోకు. కొనే దారి సరిచేయకుండా ఇంకా జనాన్ని రప్పించి ఏం లాభం?

ఇక్కడ చలి మొదలైంది. స్వెట్టరు ఉంది, అమ్మను కొత్తది పంపవద్దను.

మార్పులు అయ్యాక కబురు చెయ్యి. విజయనగరంలో పెద్దత్త చిరునామాకు కిలో 240 నేనే ఆర్డరు పెడతాను. చెల్లెలినని ధర తగ్గించకు. నాన్న రిపోర్టు ఫోటో మాత్రం ముందు పంపు.

నీ చెల్లి