విజిల్ పట్టిన అమ్మణ్ణికి

కావలి

చి.ల.సౌ. అమ్మణ్ణికి,

నాయన ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. ఎండలు మండిపోతున్నాయి. ఉలవపాడు బంగినపల్లి మార్కెట్లోకి వచ్చింది గానీ ధర విని వెనక్కొచ్చాను. శీనయ్య బోరు వేయిస్తే ఉప్పునీళ్లు పడ్డాయి. మీ అమ్మ మోకాలు ఎప్పట్లాగే ఉంది. నువ్వు ఫోన్ చేసిన రోజు నొప్పి తగ్గుతుందంట, ఆమే చెప్పింది.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడగడానికి రాయడం లేదు. నీ పనులు నీకుంటాయి. ఉత్తరం రాసి చాలా రోజులైందని ఊరికే కూర్చున్నాను. అన్నట్టు, రవణమ్మత్త కోడలు గుళ్లో కనబడింది. మీ డాలస్‌లో చిన్నపిల్లల ఫుట్‌బాల్ లీగులో నువ్వు రెఫరీగా ఉంటే, ఎవరో పిల్లాడి తండ్రి గీత దాటి లోపలికొచ్చి నీ మొహం మీద అరిచాడని చెప్పింది. ఆమె చెప్పిన దాంట్లో సగం కొట్టెయ్యాలి. మిగతా సగం నిజమేనా?

అసలు నువ్వు రెఫరీ అయిన సంగతే ఆమె చెబితే తెలిసింది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన నాకు! సరేలే.

గొడవ త్రో-ఇన్ దగ్గరంట, అదే, పక్క గీత దాటిన బంతిని చేతులతో లోపలికి విసిరేది. విసిరిన బంతి నేరుగా అందుకున్న పిల్లకి నువ్వు ఆఫ్‌సైడ్ (అవతలి టీమువాళ్లని దాటి ముందే గోల్ దగ్గర కాచుకునే తప్పు) ఇవ్వలేదు, గోల్ పడింది. అదే జరిగుంటే నువ్వు చేసిందే కరెక్టు. త్రో-ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్, వీటి నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ లేదు. పదకొండో రూలు. ఏమీ తోచక మొత్తం 17 రూళ్లూ బుజ్జిగాడి చేత ఫోన్లో తీయించి చదివాన్లే. ఆటలో ఏం జరిగిందన్న దాని మీద రెఫరీదే ఆఖరి మాట అని అయిదో రూల్లో రాశారు. కాబట్టి ఆ పెద్దమనిషికి నువ్వు పాఠం చెప్పనక్కర్లేదు. పిల్లలకైతే చెప్పు. పదేళ్ల వాళ్లు తలతో బంతి కొట్టకూడదని మీ దేశంలో పద్ధతి ఉంది కదా, ఎవడన్నా కావాలని కొడితే అవతలి వాళ్లకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్లో కొడితే లెక్కకు రానిది) ఎందుకిచ్చావో వాడికి ఒక్క ముక్కలో చెప్పు. ఆ కిక్‌కి గుర్తుగా ఎత్తిన చెయ్యి, కిక్ కొట్టాక బంతి ఇంకొకరికి తగిలేదాకా దించబాక.

మీద మీదకొచ్చే మనిషి సంగతి వేరు. ఎల్లో కార్డు, రెడ్ కార్డు ఆటగాళ్లకి, టీము తరఫున ఉండే కోచ్‌లకి. బయట నిలబడ్డ తండ్రికి చూపించేవి కావు. విజిలేసి ఆట ఆపు. కోచ్‌ని పిలిచి, ఆయన్ని పంపించమను. ఆయన పోయేదాకా ఆట మొదలుపెట్టొద్దు. అప్పటికీ పోకపోతే మ్యాచ్ అక్కడితో చాలించి, జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాయి. ఆయనతో వాదన మాత్రం పెట్టుకోవద్దు.

విడవలూరు అవతల ఒక ఊళ్లో సంక్రాంతి కబడ్డీకి నన్ను రెఫరీగా పిలిచారు. నువ్వప్పటికి పుట్టలేదు. మీ పెద్దమామ కూడా వచ్చాడు, దారంతా చెరుకు నములుతూనే ఉన్నాడు. ఫైనల్లో ఆ ఊరి కుర్రాడు కూతకెళ్లి ఇద్దర్ని తాకి తిరిగొస్తూ, గీతకి జానెడు దూరంలో కూత ఆపేశాడు. నాకు స్పష్టంగా వినబడింది. అవుట్ ఇచ్చాను. ఊరు ఊరంతా లేచింది. చేతికర్రతో ఒక పెద్దాయన బరిలోకొచ్చి, "మావోడు కూత ఆపలా, నీకు చెవుడు" అన్నాడు. నేను మారు మాట్లాడకుండా పోయి స్కోరు రాసే కుర్రాడి పక్కన బల్ల మీద కూర్చున్నాను. రెండు టీముల కెప్టెన్లనీ పిలిచి, జనం తాడు బయటికి పోతే ఆట, లేకపోతే లేదన్నాను. పెద్దాయన తిట్టాడు, నేను టీ తాగాను. మళ్లీ తిట్టాడు. చీకటి పడింది, అప్పట్లో లైట్లెక్కడివి, ఆట పొద్దునకి వాయిదా పడింది. పొద్దున ఆ ఊరోళ్లే గెలిచారు. నెల్లూరు బస్సు దాకా నన్ను బండి మీద దించింది ఆ పెద్దాయనే. దారంతా నోరు విప్పలేదు. బస్సు కదిలాక కిటికీ దగ్గరికొచ్చి, "అయినా కూత ఆగలేదయ్యా" అన్నాడు.

ఎక్కడున్నాను? ఆ, విజిల్. బంతి బయటికి పోయినప్పుడు చిన్నగా ఊదు, ఫౌల్‌కి గట్టిగా ఊదు. అన్నిటికీ ఒకేలా ఊదితే పిల్లలు పట్టించుకోరు. మ్యాచ్ ముందు గోల్ స్తంభాలు నేలకి గట్టిగా బిగించారో లేదో నీ చేత్తో కదిపి చూడు, మీద పడితే ప్రాణం మీదకొస్తుంది. పిల్లల కాళ్లకి షిన్ గార్డులు, అదే మోకాలి కింద ఎముకకి దెబ్బ తగలకుండా కట్టేవి, ఉన్నాయో లేదో చూడు. చెవులకి కమ్మలుంటే తీయించు, టేపు వేసినా కుదరదు. రెఫరీ కూడా వాచీ తప్ప నగలేవీ పెట్టుకోకూడదంట. మంగళసూత్రాల సంగతి కదా, ఆ ముక్క మీ అమ్మకి చదివి వినిపించలేదు. ఉరుము వినబడితే అందర్నీ లోపలికి పంపు, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా మైదానంలోకి రానీయొద్దు. ఎవరైనా తల పట్టుకు కూర్చుంటే ఆట ఆపి కోచ్‌ని పిలువు, పిల్ల బాగానే ఉన్నానన్నా ఆ రోజుకి ఆడనీయొద్దు. టోపీ పెట్టుకో. మజ్జిగ తాగి పో. చిన్నప్పుడు మెలిక పడిన కుడి చీలమండకి బ్యాండేజీ చుట్టుకో.

నచ్చకపోతే మానెయ్, ఎవరూ ఏమీ అనుకోరు. మానెయ్యమని చెప్పడం లేదు. అల్లుడుగారు ఆ రోజు గ్రౌండ్లోనే ఉన్నారా? ఉంటే ఏం చేశారు? ఊరికే అడుగుతున్నాను.

రవణమ్మత్త కోడలి తమ్ముడు వచ్చే నెల డాలస్ వస్తున్నాడంట. ఆవకాయ, కారప్పొడి, మలై కాజా ఇచ్చి పంపుతున్నాం. కాజా ముందు తినెయ్యండి, చెడిపోతుంది. ఆవకాయకి తడి గరిటె తగలనివ్వద్దు.

మీకు ఆదివారం పొద్దునంటే మాకు రాత్రి. అప్పుడు ఫోన్ చెయ్యి, అమ్మ సీరియళ్లు లేక ఖాళీగా ఉంటుంది. ఆ పెద్దమనిషి కొడుకు ఏ టీమో, ఆ మ్యాచ్ చివరికి ఏమైందో అది కూడా చెప్పు.

ఇట్లు,
నాయన