బొమ్మలు తర్వాత, ముందు వెలుతురు సంగతి చెప్పమను

ఒరేయ్ శ్రీను,

ఎట్లున్నవ్ రా, చలి మొదలైందా అక్కడ? ఇక్కడ అందరం బాగనే ఉన్నం. అమ్మకి మోకాళ్ళ నొప్పి అట్లనే ఉంది కానీ సీరియల్ టైముకి మాత్రం హాల్లకి టంచనుగ నడిచొస్తది.

సంగతేందంటే మా జంక్షన్ కాడ హైవే మళ్ళీ కడతరట, ఫ్లైఓవర్‌తో సహా. అసోసియేషన్ వాళ్ళు మీటింగు పెట్టిన్రు, ఒక ఇంజనీరు సార్ వచ్చి గోడకి ఇంత పెద్ద డ్రాయింగు తగిలించిండు. నేను కాంక్రీటు ముక్కలు ముందే పోసిపెట్టే ప్రీకాస్ట్ యార్డుల పనిచేస్త కాబట్టి నాకు అర్థమైంది, మిగతావాళ్ళకి అవి ఉత్త గీతలే. అందరూ యూటర్న్ ఎక్కడొస్తది, నాలా ఎటు పోతది, మా షాపు ముందర సర్వీసు రోడ్డు ఎన్ని ఫీట్లు, ఇవే అడిగిన్రు. తప్పేం లేదు, బతుకుదెరువు ముచ్చట్లు. లాస్టుకి సార్ ఫైలు మూస్తూ మూస్తూ "పెయింటింగులు ఏం వేయాల్నో మీరే చెప్పండి" అన్నడు. ఇంక చూడాలె మనోళ్ళ హుషారు! ఒకాయన కాకతీయ తోరణం, ఇంకొకాయన చార్మినార్, ఆడోళ్ళు బతుకమ్మ, మా కింద ఫ్లోర్ అంకుల్ అయితే పిల్లర్‌కొక స్వాతంత్ర్య సమరయోధుడు అన్నడు. అన్ని పిల్లర్లు ఏడున్నయి అంకుల్.

అప్పుడు వెనక నిలబడ్డ ఇస్త్రీ బండి అక్క అడిగింది, "బ్రిడ్జి కిందికి వెలుతురు పడ్తదా సార్, పొద్దుగాలనే లైటు వేసుకోవాల్నా?" అని. సార్ "చూద్దాం అమ్మా" అన్నడు. నాకైతే ఆ గంటన్నర మీటింగుల డిజైన్ గురించి వచ్చిన ప్రశ్న అదొక్కటే అనిపించింది, మిగతాదంతా రంగులు.

పెళ్ళి ఫిక్స్ చేసినంక పిల్లని పిలిచి చీర ఏ కలర్ కావాల్నమ్మా అని అడిగినట్టు ఉంది రా ఈ పద్ధతి. చట్టంల అడిగే చోటు లేదా అంటే ఉంది, నేషనల్ హైవేస్ యాక్ట్ 1956ల 3సి సెక్షన్ ప్రకారం నోటిఫికేషన్ వచ్చినంక 21 రోజుల్ల అభ్యంతరం చెప్పొచ్చు, కానీ అది భూమి పోయేటోళ్ళ కోసం. కట్టేది కండ్లకి ఎట్ల కనపడ్తది అని అడగనీకి ఆ సెక్షన్ పనికిరాదు.

ఇక నీ ఊరి సంగతికి వస్త. అమెరికాల మీ మినియాపొలిస్‌ల నది మీద ఐ-35డబ్ల్యూ హైవే బ్రిడ్జి 2007 ఆగస్టు 1న కూలింది గదా, 13 మంది పోయిన్రు. అంత తొందరల, అంత ఒత్తిడిల కూడా ఆ అక్టోబర్‌ల ఊరోళ్ళని కూర్చోబెట్టి ఒక రోజంతా వర్క్‌షాప్ పెట్టిన్రంట. పిల్లర్లు నిటారుగనా వంపుగనా, రంగు ఏంది, ఇట్లాంటివి జనమే తేల్చిన్రు. వంపు పిల్లర్లు, తెలుపు రంగు అట్ల వచ్చినయే. బరువు ఎంత మోయాలె, లేన్లు ఎన్ని, ఇవి మాత్రం ఇంజనీర్ల దగ్గరనే ఉంచిన్రు, అది కరెక్టు కూడా, మా అంకుల్ చేతిల స్టీలు లెక్క పెడితే నేనైతే ఆ బ్రిడ్జి ఎక్క. 2008 సెప్టెంబర్ 18న కొత్త బ్రిడ్జి తెరిచిన్రు. అంటే జనాన్ని అడిగితే లేటైతది అనే మాట ఉత్తదే కదా? ఇక్కడ వరంగల్ రోడ్డు మీద ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ కారిడార్ పని 2018ల షురూ అయింది, ఏండ్లకేండ్లు స్లాబు లేని పిల్లర్లు నిలబడే ఉండె. రోడ్డు ఆగనీకి వేరే కారణాలు బొచ్చెడు ఉంటయి రా, పాపం జనం అభిప్రాయం మీదికి తోస్తరు గానీ.

అమెరికాలనే మోంటానా రాష్ట్రంల యూఎస్ 93 అనే హైవే ముచ్చట ఇంకా బాగుంటది. ఫ్లాట్‌హెడ్ రిజర్వేషన్, అంటే అక్కడి ఆదివాసీ తెగల సొంత ప్రాంతం, మీదికెల్లి పోయే ఆ రోడ్డు వెడల్పు చేస్తమంటే సేలిష్, కూటెనై తెగల వాళ్ళు ఒప్పుకోలే, ఈ నేలకి రోడ్డు చుట్టంలెక్క వచ్చింది, చుట్టంలెక్కనే ఉండాలె అన్నరు. చివరికి 2000 డిసెంబర్‌ల ఒప్పందం అయింది. రోడ్డు నేల వాలుని బట్టి వంపులు తిరుగుతది, బోర్డుల మీద వాళ్ళ భాషల పేర్లుంటయి, జంతువులు దాటనీకి నలభై దాకా దారులు కట్టిన్రు. మన దగ్గర కూడా అట్లాంటోళ్ళు లేకపోలేదు. చేవెళ్ల రోడ్డు యాదికుందా, వికారాబాద్ పోయేటప్పుడు మర్రిచెట్ల కింద ఆపి మిర్చి తిన్నం? అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, దగ్గర దగ్గర 900 మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు కోసం అవి తీసేస్తమంటే అక్కడ జనం ఊకె నినాదాలు ఇయ్యలే, చెట్టు చెట్టుని లెక్కపెట్టి మ్యాపుల గుర్తులు పెట్టిన్రు, ఎన్‌జీటీ (పర్యావరణ కేసులు చూసే ట్రిబ్యునల్) దాకా పోయిన్రు. చెట్లు పోతే ఆ రోడ్డు ఇంకే రోడ్డైనా ఒక్కటే గదా.

సరే, మా ఫ్లైఓవర్. పైన 80 స్పీడుల పోయేటోడు సెకనుకి 22 మీటర్లు దాటుతడు, వానికి కాకతీయ తోరణం ఏం కనపడ్తది? ఖైరతాబాద్ దిక్కు మక్తా బస్తీ గోడల బొమ్మలు బాగుంటయి అంటే అక్కడ నడుస్తరు కాబట్టి. మా దాన్ని రోజంతా చూసేటోళ్ళు కిందోళ్ళే, ఇస్త్రీ అక్క, పండ్ల బండ్లు, బస్సు కోసం నిలబడేటోళ్ళు. పోయే దిక్కు, వచ్చే దిక్కు రెండు స్లాబుల మధ్యల సందు వదిలితే కిందికి వెలుతురు పడ్తది, ఇది డ్రాయింగు దశలనే తేలాలె, కట్టినంక దేవుడొచ్చినా కుదరదు.

గోడల ముచ్చట అంతే. ర్యాంపుకి రెండు దిక్కుల ఆర్‌ఈ వాల్, అంటే లోపలి మట్టిని ఆపే గోడ, వస్తది గదా, దాని ప్యానెళ్ళు మా యార్డు లాంటి దగ్గరనే పోస్తరు. అచ్చుల రబ్బరు లైనర్ పరిస్తే కాంక్రీటులనే డిజైన్ పడుతది, మళ్ళీ మళ్ళీ రంగు వేసే పని లేదు. గరుకు గాడులు పెడితే పోస్టర్లు కూడా సక్కగ అంటుకోవు, ఎలక్షన్ టైముల ఎంత లాభమో చూడు. నాకైతే పోచంపల్లి ఇక్కత్ నమూనా పెద్దగ, మొరటుగ చేస్తే బాగుంటది అనిపిస్తది, భూదాన్ పోచంపల్లి మనకి దూరం కూడా కాదు. కానీ అచ్చులు ఆర్డర్ పెట్టినంక మార్చనీకి ఉండదు, అందుకే ఇప్పుడే లొల్లి పెడుతున్న.

వచ్చే మీటింగుకి ప్లాను గీతలు వద్దు, ఇస్త్రీ బండి కాడ, బస్టాపు కాడ నిలబడి ఫోటోలు తీసి, వాటి మీద ఫ్లైఓవర్ బొమ్మ గీసి చూపెట్టున్రి అని లెటర్ రాసిన. అంకుల్ సంతకం పెట్టిండు, కాకపోతే సమరయోధుల పాయింటు కూడా చేర్చమన్నడు, చేర్చిన, ఏం చేస్తం.

నువ్వొక పని చేయి. మీ బ్రిడ్జి కిందికి దిగి, నది ఒడ్డున నడిచేటోడికి ఎట్ల కనపడ్తదో అట్ల నాలుగు ఫోటోలు తీసి పంపు. కారులకెల్లి తీసినవి నాకొద్దు. వాట్సాప్‌ల పంపకు, మసకగ వస్తయి, మెయిల్ చేయి, మీటింగుల పెద్ద ప్రింటు తీసి పెడత. చెల్లెకి, పిల్లలకి అడిగినని చెప్పు.

నీ,
రాజు