మూకీ బెట్స్, మాటల్లేని మేనేజ్‌మెంట్

ష్రూస్‌బరీ, మసాచుసెట్స్
16 నవంబర్ 2025

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన వీడియో చూశాన్రా. టొరంటోలో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఏడో ఆట, పదకొండో ఇన్నింగ్స్. బంతి నేల మీద దొర్లుకుంటూ, రెండో మూడో బేస్‌ల మధ్య కాపు కాసే షార్ట్‌స్టాప్ దగ్గరికి రావడం, అతను దాన్ని అందుకుని రెండో బేస్ తొక్కి అదే ఊపులో మొదటి బేస్‌కి విసరడం, ఒకే బంతికి ఇద్దరు ఔటై లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ 5-4తో గెలిచేయడం. కింద నువ్వు రాసిన ముక్క: "వీడి ఫొటోనేగా, మా బోస్టన్ వాడు అని నాకు పంపేవాడివి? వేరే డ్రెస్సులో ఉన్నాడేంట్రా?"

పుండు మీద కారం చల్లావు. గుంటూరు వాడివి, నీ దగ్గర సరుక్కి కొదవా!

ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇవాళ ఆదివారం, బయట చలి, మా ఆవిడ అమ్ముల్ని తీసుకుని కూచిపూడి క్లాసుకెళ్లింది. టీ పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు మిర్చి యార్డుకి సెలవున్న రోజు తీరిగ్గా చదువుకో.

అవును, వాడే. మూకీ బెట్స్. మొదటిసారి పేరు చెప్పినప్పుడు "మూకీ అంటే మాటల్లేని సినిమా కదరా" అని పడీపడీ నవ్వావు. ఈ ఆటగాళ్ల మధ్య నిలబడితే పొట్టివాడే. కానీ 2018లో వాడు ఆడిన ఆట నేను చచ్చేదాకా మర్చిపోను. బ్యాటింగ్ సగటు .346, అంటే పదిసార్లు బ్యాటు పడితే మూడున్నర సార్లు హిట్టు. ఈ ఆటలో మూడుసార్లు కొట్టినవాడికే హారతి పడతారు. 32 హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల లాంటివి, అవతలివాళ్ల కన్నుగప్పి పరిగెత్తి దొంగిలించిన బేస్‌లు 30, లీగ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు. ఆ ఏడు మా బోస్టన్ జట్టు రెడ్ సాక్స్ 162 ఆటల్లో 108 గెలిచింది. వరల్డ్ సిరీస్‌లో 4-1తో ఎవర్ని ఓడించామనుకున్నావ్? ఈ డాడ్జర్స్‌నే. ఏడాదిన్నర తిరక్కుండా, 2020 ఫిబ్రవరిలో, వాడిని తీసుకెళ్లి వాళ్లకే అప్పగించారు.

ఎందుకంటావా, ఇక్కడ మన ఐపీఎల్ వేలంలా ఉండదు. పైజట్టులోకొచ్చిన కుర్రాడు ఆరేళ్ల పాటు ఆ జట్టు చేతిలోనే ఉంటాడు. ఆ తర్వాత ఎవరు ఎక్కువిస్తే వాళ్ల దగ్గరికి పోవచ్చు. బెట్స్‌కి ఇంక ఒక్క ఏడాదే మిగిలింది. పైగా జట్టు జీతాల మొత్తం ఒక గీత దాటితే లీగ్‌కి పన్ను కట్టాలి. మొదటి ఏడు దాటితే గీత పైనున్న సొమ్ము మీద 20 శాతం, రెండో ఏడు 30, మూడో ఏడు 50. మేం 2018లో దాటాం, 2019లో దాటాం. 2020కి ఆ గీత 20.8 కోట్ల డాలర్లు. దాని కిందికి దిగాలని మా ఓనర్లకి పట్టుకుంది. లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు కూడా చేతిలో ఉన్న ఓనర్లురా వీళ్లు! ఆకలితో అలమటిస్తున్నవాళ్లేం కాదు.

బదులుగా ముగ్గురొచ్చారు. అలెక్స్ వెర్డూగో, జెటర్ డౌన్స్, కానర్ వాంగ్. వెర్డూగో నాలుగేళ్లుండి చివరికి మా బద్ధశత్రువులు న్యూయార్క్ యాంకీస్‌కి పోయాడు. డౌన్స్ అయితే, యాంకీస్ హీరో డెరెక్ జెటర్ పేరే పెట్టారు వాడికి, అలాంటివాడు బోస్టన్లో నిలబడతాడని ఎవడనుకున్నాడో! 2022లోనే వదిలించుకున్నారు. వాంగ్ ఇంకా ఉన్నాడు, వికెట్ కీపర్ లాంటి పని వాడిది. అటు బెట్స్ ఆ జూలైలోనే డాడ్జర్స్‌తో 12 ఏళ్లకి 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుని 2020, 2024, 2025, మూడు కప్పులు కొట్టాడు. మా రెడ్ సాక్సే, ఈ ఆటలో పేరుమోసిన బేబ్ రూత్‌ని లక్ష డాలర్లకి యాంకీస్‌కి అమ్మిన కబురు బయటికొచ్చింది 1920 జనవరిలో. దాని పాపం 2004లో మళ్లీ కప్పు గెలిచేదాకా తగల్లేదని ఇక్కడెవరూ అనరు. సరిగ్గా నూరేళ్లకి మళ్లీ అదే పని.

దీన్ని నేను క్షమించను. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

రెండో ఆలోచన ఉన్నది డెవర్స్ సంగతిలో. నిజానికి నీకు రాద్దామనుకున్నది వాడి గురించే.

రఫేల్ డెవర్స్. డొమినికన్ కుర్రాడు, ఇరవై ఏళ్లకే మా పైజట్టులోకొచ్చాడు. బెట్స్ పోయాక, 2022 చివర్లో మా షార్ట్‌స్టాప్ బోగర్ట్స్ కూడా 11 ఏళ్ల ఒప్పందం మీద శాండియాగో పోయాక, ఊరంతా ఓనర్ల మీద దుమ్మెత్తిపోసింది. ఆ సెగకే అనుకుంటాను, 2023 జనవరిలో డెవర్స్‌కి పదేళ్లకి 31 కోట్ల డాలర్లకి పైగా ఇచ్చారు. వాడి చోటు థర్డ్ బేస్. కొట్టడంలో పులి, పట్టడంలో కాస్త అటూఇటూ. బంతి చేతిలోకొచ్చి జారిపోతుంటుంది. అందుకని ఈ ఫిబ్రవరిలో అలెక్స్ బ్రెగ్మన్ అని, థర్డ్ బేస్‌లోనే మేటి ఫీల్డర్‌గా గోల్డ్ గ్లవ్ అవార్డు గెలిచినవాడిని, మూడేళ్లకి 12 కోట్లకి తెచ్చారు.

తేవడం తప్పని నేననను. ఆటపరంగా చూస్తే సబబే. కానీ డెవర్స్ ఏమన్నాడు? సంతకం పెట్టినప్పుడు థర్డ్ బేస్ నీదేనన్నారు, నా చోటు అదే అన్నాడు. వీళ్లేమో నువ్వు డీహెచ్‌వి పొమ్మన్నారు. డీహెచ్ అంటే మీ ఇంపాక్ట్ ప్లేయర్‌లా బ్యాటింగ్ మాత్రం చేసి, ఫీల్డింగప్పుడు డగౌట్లో గింజలు నములుతూ కూర్చునేవాడు. అలిగాడు, సర్దుకున్నాడు. సీజన్ మొదటి ఐదు ఆటల్లో ఒక్క హిట్టూ కొట్టలేకపోయాడు, తర్వాత అందుకున్నాడు. మే మొదట్లో మా ఫస్ట్ బేస్ కుర్రాడు ట్రిస్టన్ కాసస్ మోకాలి దగ్గర స్నాయువు తెగి పడిపోయాడు. అప్పుడు మళ్లీ డెవర్స్ దగ్గరికెళ్లి ఫస్ట్ బేస్ ఆడతావా అన్నారు. వాడికి కాలింది. గ్లవ్ పక్కన పెట్టమన్నది మీరే, ఇప్పుడు మళ్లీ తీయమంటారా, వెళ్లి ఇంకో ఆటగాడిని కొనుక్కోండని విలేకరుల ముందే అనేశాడు. ఓనర్ విమానమెక్కి కాన్సస్ సిటీ వెళ్లి మాట్లాడాల్సి వచ్చింది.

డెవర్స్‌ని వెనకేసుకు రాలేను. అంత జీతం తీసుకుంటూ, జట్టుకి అవసరమొచ్చినప్పుడు కుదరదంటే ఎలా? బెట్స్‌ని చూడు. కుర్రతనంలో సెకండ్ బేస్ ఆడేవాడు, అక్కడ పెడ్రోయా ఉన్నాడని అవుట్‌ఫీల్డ్‌కి మారాడు, ముప్పై దాటాక షార్ట్‌స్టాప్ నేర్చుకున్నాడు. నువ్వు పంపిన వీడియోలో ఉన్నది ఆ నేర్చుకున్న పనే. కానీ మా జట్టు ఎంపికలన్నీ చూసే క్రెయిగ్ బ్రెస్లో మీద కూడా నాకు మంటే. యేల్‌లో మాలిక్యులర్ బయోఫిజిక్స్ చదివినవాడు, పిచర్‌గా, అంటే మన బౌలర్ లాగా, 2013లో మాతోనే కప్పు గెలిచినవాడు, డ్రెస్సింగ్ రూం లోపల ఎలా ఉంటుందో తెలియనివాడు కాదు. బ్రెగ్మన్‌తో బేరం మొదలెట్టేముందు డెవర్స్‌ని పక్కన కూర్చోబెట్టుకుని "నాయనా, ఇదీ మా ఆలోచన" అంటే సొమ్మేం పోయింది?

జూన్ 15 ఆదివారం. ఫాదర్స్ డే. నేనూ అమ్ములూ రైలెక్కి మా జట్టు మైదానం ఫెన్‌వే వెళ్లాం, పార్కు పక్కనే లాన్స్‌డౌన్‌ స్టేషన్లో దిగచ్చు. యాంకీస్‌తో ఆట. అమ్ములు ఒంటి మీద డెవర్స్ జెర్సీ, పదకొండో నంబరు. 2-0తో గెలిచాం, డెవర్స్ హోమ్ రన్ కొట్టాడు, సిరీస్‌లో మూడుకి మూడు మావే. నా గొంతు పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, పప్పుకి తాలింపు వేద్దామని నూనె కాగాక ఆవాలు వేశాను. చిటపటలాడుతుంటే ఫోన్ టింగుమంది. డెవర్స్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి ఇచ్చేశారట. జట్టంతా సియాటిల్ ప్రయాణంలో ఉండగా! నేను ఫోన్ చూస్తూ నిలబడ్డాను, ఇంటినిండా పొగ. మిరపకాయలు బొగ్గులయ్యాయి. వెళ్లి చూస్తే అమ్ములు వాషింగ్ మెషిన్ ముందు నేల మీద కూర్చునుంది. జెర్సీ మీద కెచప్ పడిందని అంతకుముందే పడేశాం. గుండ్రటి గాజు తలుపులోంచి పదకొండు తలకిందులై, మళ్లీ తిరగబడి, నురగలో మునుగుతోంది. నేను చెప్పింది విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "వాళ్లు తనకి ముందే చెప్పారా నాన్నా?"

ఏం చెప్పను రా? నీకు గుర్తుందా, 2019లో రాయుడిని వరల్డ్ కప్ టీమ్‌లోంచి తప్పించినప్పుడు మీ ఊళ్లో ఎంత గోలైందో. నాలుగో స్థానం నీదేనని నెలల తరబడి ఆడించి, చివరి నిమిషంలో విజయ్ శంకర్ మూడు డైమెన్షన్లలో పనికొస్తాడన్నారు. రాయుడు త్రీడీ కళ్లజోడు ఆర్డర్ చేశానని ట్వీట్ పెట్టాడు. శంకర్‌కి దెబ్బ తగిలితే, స్టాండ్‌బైలో ఉన్న ఇతన్ని వదిలేసి మయాంక్‌ని విమానమెక్కించారు. రాయుడు రిటైరైపోయాడు. నువ్వు రెండ్రోజులు ఫోనెత్తలేదు. "తీసేస్తే తీసేశారు, ఒక్క మాట చెప్పచ్చుగా" అన్నావు తర్వాత. నాకూ ఆఫీసులో అలాంటిదొకటి జరిగింది. నేను కట్టుకొచ్చిన టీమ్‌కి కొత్త మేనేజర్ వస్తున్నాడని నాకు తెలిసింది, క్యాలెండర్లో మీటింగ్ ఇన్వైట్ పడితే! దాని పేరు "టీమ్ పరిచయం". మా ఆవిడకి కూడా నెల తర్వాత చెప్పాను.

సరే, తూకం సమంగా ఉండాలంటే ఇది కూడా చెప్పాలి. డెవర్స్ పోయిన రోజు మా లెక్క 37 గెలుపులు, 36 ఓటములు. సీజన్ అయ్యేసరికి 89-73. వాడు వెళ్లాకే బాగా ఆడాం. మిగిలిన పాతిక కోట్ల పైచిలుకు జీతం కూడా జెయింట్సే నెత్తినేసుకున్నారు. బ్రెస్లో అభిమానులు దీన్ని పట్టుకుని ఊగుతారు. కానీ వచ్చిన నలుగుర్నీ చూడు. జోర్డన్ హిక్స్ బంతి వేస్తుంటే నేను టీవీ కట్టేసేవాణ్ని. టిబ్స్ అనే కుర్రాడిని నెలన్నరలోనే డస్టిన్ మే కోసం ఇచ్చేశారు, ఆ మే ఒప్పందం ఈ సీజన్‌తోనే అయిపోయింది. ఫస్ట్ బేస్ ఖాళీ ఖాళీగానే ఉంటే ఆటగాళ్ల మార్పిడికి ఉన్న జూలై గడువులోగా సరైనవాడిని తేలేదు. ఆ జూలైలోనే డెవర్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏం ఆడాడో తెలుసా? ఫస్ట్ బేస్!

ఇక సెప్టెంబర్ ఆఖర్లో నాకౌట్. న్యూయార్క్‌లో యాంకీస్‌తో మూడాటల సిరీస్. మొదటిది గారెట్ క్రోషే ఒంటిచేత్తో గెలిపించాడు. వీడిని తెచ్చిన ఘనత మాత్రం బ్రెస్లోదే, కాదనను. సీజన్లో 255 సార్లు స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే బ్యాటర్ని ఔట్ చేయడం. రెండోది 4-3తో పోయింది. మూడోదానికి వాళ్లు కామ్ ష్లిట్లర్ అనే కొత్త కుర్రాడిని దింపారు. ఎనిమిది ఇన్నింగ్స్, 12 స్ట్రైకౌట్లు, గతి తప్పిన బంతులతో ఒక్కడికీ ఊరికే బేస్ ఇవ్వలేదు. 4-0. ఇంతకీ వాడు మా వాల్పోల్ కుర్రాడు, చదివింది బోస్టన్లోనే నార్త్ఈస్టర్న్‌లో. యాంకీస్, జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే 2022 డ్రాఫ్ట్‌లో ఏడో రౌండ్ దాకా ఆగి తీసుకున్నారు. ఆరు రౌండ్లు మా చేతిలో ఉన్నాయి. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారే, అదీ!

బ్రెగ్మన్ కూడా ఒప్పందంలోంచి బయటికొచ్చేశాడు ఈ నెలలో. అంటే ఎవరికోసం డెవర్స్ గ్లవ్ తీయించారో ఆ మనిషికే ఇప్పుడు మళ్లీ బతిమాలి డబ్బులివ్వాలి. ఇవ్వకపోతే రెండూ పోయినట్టే.

"ఇంకో జట్టుకి మారిపోరాదూ" అని నువ్వంటావని తెలుసు. రాయుడిని తీసేశాక ఆ వరల్డ్ కప్ చూడటం మానేశావా నువ్వు? సెమీఫైనల్లో ధోనీ రనౌటైనప్పుడు నాకు ఫోన్ చేసి ఏడ్చింది ఎవడు?

అమ్ములు ఆ జెర్సీ ఇప్పటికీ తొడుక్కుంటోంది. మా జట్టు సొంతూరి జెర్సీ మీద పేరుండదు, నంబరొక్కటే ఉంటుంది. "పదకొండు నా వయసు నాన్నా, ఎవరడిగినా అదే చెప్తా" అంది. జనవరిలో దానికి పన్నెండు నిండుతాయి. పన్నెండో నంబరు ఎవరిదో వెతికి చూశాను. కానర్ వాంగ్‌ది.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. ఏప్రిల్లో వస్తానన్నావు, వస్తే ఫెన్‌వేకి తీసుకెళ్తాను. వచ్చేటప్పుడు రెండు కిలోల కారం గుండ మర్చిపోకు.

నీ
ప్రసాదు