అప్పలరాజుకి, అరికాలి బుడిపె గురించి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరే అప్పలరాజూ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదురా. ఇన్నేళ్లలో నీ గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు. నేనేదో చెప్పబోయాను గానీ నువ్వు వినే స్థితిలో లేవు. అందుకే ఈ ఉత్తరం. కొట్టు కట్టేశాక తీరిగ్గా కూర్చుని చదువుకో. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు, తను నీకంటే ఎక్కువ టెన్షన్ పడుతూ ఉంటుంది.

ముందు నీ భయం సంగతి. అరికాల్లో ఉన్నది కణితి అన్నారు, ఆ మాట వినగానే నీకు మీ నాన్నగారు కళ్లముందు మెదిలారు. ఆయన చివరి నెలలు నేనూ చూశాను, నీతోపాటు ఆసుపత్రి వరండాలో పడుకున్నాను. ఆ మాటకి నీ గుండె జారడంలో వింతేం లేదు. కానీ కణితులన్నీ ఒకటి కావు. నా ఎడమ అరికాల్లో ఇలాంటిది ఆరేళ్లుగా ఉంది. నీకెప్పుడూ పెద్దగా చెప్పలేదు, చెప్పి ఉండాల్సింది.

నాది బయటపడింది స్నానం చేస్తుంటే. పాదం మధ్యలో, లోపలివైపు వంపులో, సబ్బు రుద్దుతుంటే శనగగింజంత గట్టిగా తగిలింది. ఆనెకాయ అనుకున్నాను. మందుల షాపులో అమ్మే ఆనెకాయ ప్లాస్టర్ తెచ్చి అంటించుకున్నాను. నాలుగు రోజులకి చర్మం తెల్లగా పాలిపోయి ఊడొచ్చింది, పుండు పడింది, బుడిపె మాత్రం అలాగే ఉంది. నీకు షుగర్ ఉంది కాబట్టి ఇది ముందే చెప్తున్నాను: ఆ ప్లాస్టర్లు, బ్లేడుతో గీకడాలు నీ కాలి దగ్గరకి రానివ్వకు. ఆనెకాయ చర్మం మీదుంటుంది. ఇది చర్మం కింద, కొవ్వు పొరకి కూడా కింద ఉంటుంది. పైపూతలకి అందదు.

అక్కడ ఏముంటుందో నాకు ఆర్థో డాక్టరు తన చేతిమీదే గీసి చూపించారు. మడమ ఎముక దగ్గర మొదలై వేళ్ల మొదళ్ల దాకా ఒక గట్టి పట్టీ ఉంటుందట. విల్లుకి నారి ఎలాగో, పాదం వంపుకి అది అలాగ. అడుగు వేసినప్పుడల్లా సాగి, వంపు కుంగిపోకుండా పట్టుకుంటుంది. దెబ్బ తగిలితే పూడ్చే కణాలు కొన్ని ఆ పట్టీలో ఉంటాయి. అవి ఎందుకో సరిగ్గా తెలియదు గానీ పెరగడం మొదలెట్టి గట్టి పీచు పేరుస్తాయి. ఆ పీచు ముద్దే బుడిపె. దాన్ని ప్లాంటార్ ఫైబ్రోమా అంటారు. అవి ఒకటికి రెండు మూడై పట్టీ పొడుగునా వస్తుంటే లెడ్డర్‌హోస్ వ్యాధి అంటారు. లెడ్డర్‌హోస్ అనే జర్మన్ సర్జన్ 1894లో దీన్ని వర్ణించాడు కాబట్టి ఆ పేరు. నడివయసు మగవాళ్లలో ఎక్కువట. షుగర్ ఉన్నవాళ్లలో, మూర్ఛకి ఏళ్ల తరబడి మందులు వాడినవాళ్లలో, ఇంట్లో ఇంకొకరికి ఉన్నవాళ్లలో కూడా కనబడుతూ ఉంటుంది. కొందరికి రెండు పాదాల్లోనూ వస్తుంది. నీ రెండో కాలు కూడా తడిమి చూసుకో.

అరచేతిలో కూడా ఇలాంటి జబ్బే ఉంది, డుప్యుట్రెన్ అంటారు. అందులో వేళ్లు ముడుచుకుపోతాయి. ఆ సంగతి తెలిశాక నేను రోజూ అరచేతులు చూసుకునేవాణ్ని, లేత్ మీద పనిచేసేవాడికి వేళ్లు పోతే ఇంకేముంది! నాకు చేతుల్లో ఏమీ రాలేదు. పాదంలో మాత్రం వేళ్లు అలా ముడుచుకోవడం చాలా అరుదు.

ఇక నువ్వు గుర్తుపెట్టుకోవాల్సిన మాట. ఇది క్యాన్సర్ కాదు. ఊపిరితిత్తులకో కాలేయానికో పాకదు, ప్రాణం తీయదు. మెల్లగా పెరుగుతుంది, ఒక్కోసారి ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది.

అయితే నా కాల్లో ఉన్నదే నీ కాల్లో ఉందని నేనెలా చెప్పగలను? అది స్కాన్ చెప్పాలి. వచ్చే గురువారం ఆపరేషన్ అంటున్నావు, ఇంతవరకూ ఒక్క స్కాన్ కూడా తీయలేదంటున్నావు. నా బాధంతా అక్కడే ఉందిరా. ముందు అల్ట్రాసౌండ్ తీయించు. దాని ఖర్చు ఎక్కువ కాదు, నొప్పీ ఉండదు. బుడిపె ఆ పట్టీలోనే ఉందా, వేరే చోటా అన్నది అందులో చాలావరకు తెలిసిపోతుంది. అనుమానం మిగిలితే ఎంఆర్ఐ తీస్తారు. చాలా త్వరగా పెరుగుతున్నా, రాత్రిళ్లు పడుకున్నప్పుడు కూడా నొప్పి లేపుతున్నా, వేళ్లు మొద్దుబారుతున్నా, పైన చర్మం రంగు మారినా ఆ మాట డాక్టరుకి దాచకుండా చెప్పు. అలాంటప్పుడు ముక్క తీసి పరీక్ష చేయాల్సి రావచ్చు. ఆ అవసరం లేదని తేలితే గురువారం నువ్వు బల్లెక్కాల్సిన పని లేదు.

ఎందుకంటే కోసేస్తే పోయే రకం కాదు ఇది. నాకూ మొదట్లో నీలాగే అనిపించింది, తీసి అవతల పారేస్తే గొడవ వదిలిపోతుంది కదా అని. డాక్టరు వద్దన్నారు. బుడిపె ఒక్కటే గిల్లి తీసేస్తే సగానికి పైగా కేసుల్లో మళ్లీ వస్తుందట. పైకి బాగానే కనిపించే పట్టీలో కూడా ఆ కణాలు ఉండిపోతాయి. మళ్లీ వచ్చేది ముందుకన్నా మొండిగా కూడా రావచ్చు. మొత్తం పట్టీ తీసేస్తే తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది గానీ అది పెద్ద ఆపరేషన్. అరికాలి చర్మం మానడానికి టైం తీసుకుంటుంది, వారాలపాటు కాలు కింద మోపకూడదు, నరం దెబ్బతినే భయం ఉంది. ఆటోనగర్‌లో మా పక్క షెడ్డు అతను చేయించుకున్నాడు. ఏడాది తిరక్కుండానే కుట్టు పక్కనే ఇంకోటి లేచింది. ఇప్పుడతనికి బుడిపె కంటే కుట్టు మచ్చే ఎక్కువ నొప్పి. షుగర్‌తో నీకు పుండు మానడం ఇంకా కష్టం. ఏది చేసినా నడవలేని పరిస్థితి వస్తే ఆపరేషన్ ఎప్పుడూ ఉంది, ఎక్కడికీ పోదు. దాన్ని ఆఖరికి ఉంచు.

నేను రోజూ ఎలా నెట్టుకొస్తున్నానో చెప్తాను, నీకు పనికొచ్చేది ఇదే. రోజుకి ఎనిమిది గంటలు మెషీన్ ముందు నిలబడేవాణ్ని నేను. బుడిపె చింతగింజంత అయ్యాక సాయంత్రానికి కాలు కింద పెడితే గులకరాయి మీద పెట్టినట్టు ఉండేది. షాపువాడు చెప్పాడని వంపు దగ్గర ఎత్తుగా ఉండే ఖరీదైన సోల్ కొన్నాను. రెండు రోజుల్లో నరకం చూశాను. ఆ ఎత్తు సరిగ్గా బుడిపె మీదే నొక్కుతుంది! మడమ నొప్పివాళ్లకి పనికొచ్చేది మనకి పనికిరాదు. మనకి అక్కడ ఎత్తు కాదు, గుంట కావాలి.

పూర్ణా మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరున్నారు. నా బుడిపె మీద లిప్‌స్టిక్ రాసి (మీ వదినది, అడిగే తీసుకున్నాను) మెత్తటి సోల్ మీద నిలబడమన్నారు. గుర్తు పడిన చోట గుండ్రంగా కోసి, అంచులు పల్చగా చెక్కి, షూలో పెట్టిచ్చారు. ఆ రోజు సాయంత్రం ఇంటికి మామూలుగా నడిచి వచ్చాను. మీ వదిన గుమ్మంలో నిలబడి చూసి కళ్లు తుడుచుకుంది. ఇప్పటికీ సోల్ అరిగినప్పుడల్లా ఆయన దగ్గరికే వెళ్తాను. ఇంట్లో షుగర్ వాళ్లు వేసుకునే ఎంసీఆర్ చెప్పులు వేసుకుంటున్నాను. నీ కొట్లో సిమెంటు గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడటం ఈ రోజే మానెయ్. కౌంటరు వెనక ఒక మందపాటి రబ్బరు చాప వేసుకో.

పొద్దున్నే గోడకి చేతులానించి పిక్కలు సాగదీస్తాను, ఒక్కో కాలికి అర నిమిషం, మూడుసార్లు. పిక్క బిగిస్తే ఆ పట్టీ కూడా బిగుస్తుంది. కొందరు అరికాలి కింద బంతో సీసానో పెట్టి దొర్లించమంటారు. బుడిపె మీద మాత్రం అలా నొక్కకు, ఇంకా రేగుతుంది. బీచ్ సంగతి కూడా చెప్పాలి. పొడి ఇసుకలో వట్టి కాళ్లతో నడిస్తే మంచిదని అందరూ అంటారు. నాకైతే ఇసుక పాదం గుంటలోకి నిండి బుడిపెని కిందనుంచి నెట్టినట్టు ఉంటుంది. అందుకే ఆర్కే బీచ్‌కి వెళ్లినా షూ విప్పను, తెల్లవారుజామున బండ్లు లేని రోడ్డు మీదే కురుసుర సబ్‌మెరైన్ దాకా నడిచి వస్తాను.

మూడో ఏడు నొప్పి బాగా పెరిగింది. అప్పుడొక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకున్నాను. అరికాల్లో సూది, చెప్పకూడదు గానీ ప్రాణం పోయింది. బుడిపె మెత్తబడి, ఐదారు నెలలు హాయిగా ఉంది, తర్వాత మెల్లగా మొదటికొచ్చింది. మాటిమాటికి వేయించుకోకూడదు, అక్కడి కొవ్వు పల్చబడిపోతుంది, పట్టీ తెగే ప్రమాదమూ ఉంది. నువ్వు వేయించుకుంటే కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, ముందే షుగర్ డాక్టరుకి చెప్పు.

ఇంకోటి రేడియేషన్. ఆ మాట వినగానే మళ్లీ నాన్నగారు గుర్తొస్తారని తెలుసు, అయినా చెప్తున్నాను. దీనికి ఇచ్చేది తక్కువ మోతాదు: రోజుకి 3 గ్రే (రేడియేషన్ మోతాదుని గ్రేల్లో కొలుస్తారు) చొప్పున ఐదు రోజులు, రెండు మూడు నెలల విరామం ఇచ్చి మళ్లీ ఐదు రోజులు, మొత్తం 30 గ్రే. నెదర్లాండ్స్‌లో కొంతమందికి నిజం రేడియేషన్, కొంతమందికి ఉత్తుత్తిది ఇచ్చి, ఎవరికేది ఇచ్చారో వాళ్లకి తెలియకుండా పోల్చి చూశారు. ఏడాది తర్వాత నిజంది తీసుకున్నవాళ్లకి నొప్పి తక్కువగా ఉంది. చర్మం పొడిబారడం లాంటివి ఉంటాయట. నాకింకా ఆ అవసరం రాలేదు. వస్తే కత్తి కంటే ముందు దాని గురించే అడుగుతాను.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఏంటో తెలుసా? సింహాచలం గిరి ప్రదక్షిణ. ఎన్ని ఆషాఢాలు నడిచాం మనం! తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం మీదుగా, హనుమంతవాక దాటి, అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి, తడి బట్టలతోనే మాధవధార మీదుగా మళ్లీ తొలి పావంచా దాకా. 32 కిలోమీటర్లు వట్టి కాళ్లతో. బుడిపె వచ్చాక రెండేళ్లు వెళ్లలేదు. రాత్రంతా గోవింద నామాలు వినిపిస్తుంటే ఇంట్లో మంచం మీద పడుకోలేక మేడెక్కి కూర్చున్నాను. మూడో ఏడు హనుమంతవాక దగ్గర మజ్జిగ పంచే కుర్రాళ్లతో కలిశాను. తెల్లారేదాకా గ్లాసులు అందించాను. కాళ్లు వాచిపోయి కుంటుతూ వచ్చే ముసలమ్మలు గ్లాసు అందుకుని నన్ను దీవించి వెళ్లేవారు. పోయినేడు ఆ కోసిన సోల్ ఉన్న షూతో, అప్పన్నకి మనసులో చెప్పుకుని, హనుమంతవాక నుంచి అప్పూఘర్ దాకా నడిచాను. చెప్పులేసుకుని ఏం ప్రదక్షిణ అని ఎవరూ అనలేదు.

సరే, రేపు పొద్దున్నే ఆ డాక్టరుకి ఫోన్ చేసి గురువారం వాయిదా వెయ్యి. గొడవ పడకు, స్కాన్ తీయించుకుని ఇంకో డాక్టరుకి చూపించుకున్నాక వస్తానని మర్యాదగా చెప్పు. బుధవారం పొద్దున్నే శ్రీకాకుళంలో బస్సెక్కితే పదిన్నరకల్లా ఆర్టీసీ కాంప్లెక్సులో దిగుతావు, నేను బండి మీద వస్తాను. నాకు చూసిన డాక్టరు దగ్గర చీటీ రాయించి ఉంచుతాను. షుగర్ రిపోర్టులన్నీ తెచ్చుకో, పాత చెప్పులు కూడా తెచ్చుకో, అవి ఎక్కడ అరిగాయో చూస్తారు. సాయంత్రం పూర్ణా మార్కెట్ పెద్దాయన దగ్గరికి వెళ్దాం. చెల్లెమ్మ కూడా వస్తే మీ వదినకి సంతోషం, రాత్రికి వంజరం పులుసు పెడతానంటోంది.

రాసేలోపు పదకొండున్నర అయింది. ఉత్తరం అందేలోపు ఆలస్యమవుతుందని దీన్ని ఫోటో తీసి ఇప్పుడే పంపుతున్నాను. చదివాక ఎంత రాత్రయినా ఒక్కసారి ఫోన్ చెయ్.

నీ,
రమణ